తొమ్మిది కార్డులు

రాజ్‌కుమార్ సొరుగు తీసింది గుండీ కోసం. దొరికింది గుండెకోత.

ఆ రోజు అతనికి వీక్లీ ఆఫ్. సూర్యాపేట డిపోలో కండక్టరు. ఖాకీ చొక్కా గుండీ ఊడితే భార్య నాగరాణి కుట్టుమిషను సొరుగు లాగాడు. నాగరాణి ఇంట్లో లేదు, మిర్యాలగూడలో స్త్రీల కూటానికి వెళ్లింది. సొరుగులో దారపు ఉండలు, వాటి కింద జాకెట్టు ముక్కలు, వాటి కింద రబ్బరు బ్యాండు వేసిన వాగ్దాన కార్డులు. తొమ్మిది. తొమ్మిదింటి మీదా ఒకే పావురం, ఒకే వాక్యం. చేసిన తప్పును దేవుడు ఇక గుర్తు పెట్టుకోడని దాని భావం.

పదో కార్డు రాజ్‌కుమార్ జేబులో ఉంది. దాన్ని లామినేషన్ చేయించుకుని పదకొండు నెలలుగా మోస్తున్నాడు.

వాగ్దాన కార్డంటే ఏమిటో ఎరగనివాళ్లకు ఒక ముక్క. జనవరి ఒకటి పొద్దున ఆరాధన అయ్యాక చర్చిలో స్టీలు పళ్లెంలో కార్డులు బోర్లించి పెడతారు. ఒక్కొక్కదాని మీద ఒక్కో వాక్యం. కళ్లు మూసుకుని ఒకటి తీయాలి. ఏది వస్తే ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషితో చెప్పిన మాట అదే. అంతకు ముందు రాజ్‌కుమార్‌కు వాగుడే తప్ప వాగ్దానం తెలియదు. బస్సెక్కిన ప్రతివాడి మీదా ఓ విసురు. "ముందుకు జరుగున్రి, ఎనక సీట్ల గూడ కోదాడకే పోతయి" అంటే ఖాళీ సీటు లేని బస్సు నవ్వుతో నిండేది.

ఆ నోరే అన్న బిక్షాన్ని తినేసింది.

నిడమనూరులో గొర్లు కాసుకునే బిక్షానికి నత్తి. కూతురు ప్రత్యూష లగ్గంలో, మగపెళ్లివాళ్లు వరుసగా బంతిలో కూర్చున్నాక రాజ్‌కుమార్ గట్టిగా అన్నాడు: "మా అన్న అల్లునికి మర్యాద చెప్పుడు ఒడిసేలోపు మనుమడు పుట్టి బడికి పోతడు." బంతి బంతంతా విరగబడి నవ్వింది. వడ్డిస్తున్న పప్పుగిన్నె కింద పెట్టి బిక్షం బయటికి నడిచాడు. నాలుగేళ్లు మాట్లాడలేదు. అన్న నత్తి మీద వేసిన జోకు అలా తమ్ముడి నెత్తి మీద కూర్చుంది.

తర్వాత బిక్షం మిర్యాలగూడ దవాఖానాలో పడ్డాడు. తమ్ముణ్ణి చూడాలని మూడుసార్లు కబురంపాడు. మూడుసార్లూ రాజ్‌కుమార్ డ్యూటీ ఉందన్నాడు. మూడోసారి డ్యూటీ లేదు. సెలవు పెట్టి, బస్టాండు బెంచీ మీద కూర్చుని, మిర్యాలగూడ బస్సులు ఒక్కొక్కటే పోతుంటే చూశాడు. మొహం చెల్లలేదు. మర్నాడు బిక్షం పోయాడు.

ఆ సెలవు సంగతి రాజ్‌కుమార్ ఒక్క నాగరాణికే చెప్పాడు. "దేవుడే చెప్పాలె మాఫ్ అయిందని. మనుషులు చెప్తే నమ్మ" అన్నాడు. ఆ జనవరి ఒకటిన, వరుసలో చివరివాడుగా నిలబడి కళ్లు మూసుకుని తీస్తే ఆ కార్డే వచ్చింది. అక్కడే కూలబడి ఏడ్చాడు. ఫిబ్రవరిలో సాగర్ ఎడమ కాలువలో బాప్తిస్మం. మందులో మునిగేవాడు మందిలో మునిగి లేచాడు. మారుమనసు పొందాక, కసిరిన ప్యాసింజరుకు మారుమాట కూడా చెప్పలేదు. ఆ కార్డు పైకెత్తి చూపిస్తూ ఏడు చర్చిల్లో సాక్ష్యం చెప్పాడు.

ఆ రోజు పళ్లెం పట్టుకున్నది నాగరాణి.

ఒక కార్డు వెనక కోదాడ దుకాణం ముద్ర ఉంది. అది చూశాక గుర్తొచ్చింది. కిందటి డిసెంబరులో నాగరాణి అతని బస్సులోనే కోదాడ వెళ్లింది. ఏం పనంటే దారం ఉండలంది. తనను మోసం చేయబోతున్న మనిషికి తన చేత్తోనే ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు కొట్టిచ్చాడు. నమ్మకం ఇంత తేలిగ్గా అమ్మకానికి దొరుకుతుందని అతనికి తెలియదు. చీటీ తీశాననుకున్నాడు, తీరా అది చీటింగు.

గుండీ లేని చొక్కాతోనే మిర్యాలగూడ బస్సెక్కాడు.

కూటంలో భోజనాల వేళ. చర్చి ఆవరణలో నాగరాణి ఉల్లిగడ్డలు కోస్తూ కనబడింది. పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ మీద తొమ్మిది కార్డులూ పరిచాడు.

"ఇవేందే?"

నాగరాణి కార్డుల వైపు చూడలేదు. "మిషిన్ సొరుగు ఎందుకు తీసినవ్?"

"గుండీ ఊడింది. ఇప్పుడు గుండె గూడ ఊడింది. జవాబు చెప్పు."

"నీకన్నీ నవ్వులాటలే."

"నవ్వులాట నాదా, నీదా? పళ్లెం పట్టింది నువ్వు. కండ్లు మూసుకొమ్మన్నది నువ్వు. పదిట్ల ఏది తీసినా గదే ఉన్నప్పుడు నేను కండ్లెందుకు మూసుకున్నట్టు?"

నాగరాణి కత్తిపీట పక్కకు జరిపింది. కళ్లు తుడుచుకుంది. అవి ఉల్లిగడ్డ నీళ్లో కావో అతనికి తెలియలేదు.

"కూడు సగంల ఇడుస్తుంటివి. అర్ధరాత్రి లేసి కూసుంటుంటివి. బస్సు కిందనే పడతవేమో అని నాకు పరేషాన్. దేవుడు చెప్తేనే నమ్ముతనంటివి. నన్నేం చెయ్యమంటవ్?"

"దేవుడు చెప్తె అన్న. ఆయన బదులు నువ్వు చెప్పమనలే. ఏడు చర్చిల్ల చెప్పిన్నే నేను. చెయ్యెత్తి చూపిచ్చిన. నువ్వు ముందు వరుసల కూసొని చప్పట్లు కొట్టినవ్."

నాగరాణి గొంతు తగ్గించింది. "ఒక్క మాట ఇను. డిసెంబర్ల పాస్టరమ్మగారింట్ల కార్డులు సర్దుతున్నం. నాకోసమని కండ్లు మూసుకొని ఒకటి తీసిన. గదే వచ్చింది. అది నాకు కాదు, నీకు అని మనసుల కొట్టింది. మళ్ల పళ్లెంల కలిపితే నీ చేతికి రాదని భయమైంది. గందుకే కోదాడ పోయి పది తెచ్చి, నీ వంతుకు పళ్లెం మార్చిన."

"దేవుని మీద నమ్మకం లేకనా?"

"నీ చెయ్యి మీద లేక."

"మరి ఆ మొదలు తీసిన కార్డేది?"

"అన్నిట్ల కలిపేసిన. ఎవలకు పోయిందో."

"పాస్టరయ్యగారికి ఎరుకనా?"

"ఎవలకూ ఎరుక లేదు. నాకు, పైనాయనకు తప్ప."

ఆమె చెప్పింది నిజమైతే దేవుడు నిజంగానే మాట్లాడాడు, చిరునామా మారిందంతే. అబద్ధమైతే, మొదటి అబద్ధానికి ఇది అతుకు. రెండూ ఒకే నోట్లోంచి వచ్చాయి. ఏ టికెట్టు అసలుదో, ఏది పాతదో వేలితో తడిమి చెప్పగలిగే మనిషికి ఇది అంతుపట్టలేదు. పదకొండు నెలలు తేలిగ్గా నిద్రపోయాడు. ఆ నిద్ర ఎవరిచ్చిందో తెలియదు.

"ఇంటికి పోదాం పా" అంది నాగరాణి.

"నువ్వు పో. నేను నిడమనూరు పోవాలె."

బస్సు కాలువ పక్కనుంచి పోతున్నంతసేపూ అతను రెండోవైపు కిటికీలోంచి చూశాడు. బాప్తిస్మం రోజున కూడా ఇంత దూరం వచ్చాడు గానీ అన్న గడప తొక్కలేదు. దేవుడు మాఫ్ చేశాక వదినతో పనేముందని అప్పుడు అనుకున్నాడు.

వదిన ఉప్పలమ్మ గొర్ల దొడ్డి ముందు తొట్టి కడుగుతోంది. అతణ్ణి చూసి లేవలేదు.

"బాటేమన్న తప్పినవా?"

"లేదు వదినా. ఒకటి చెప్పాలె. అన్న మూడోసారి పిలిచిననాడు నాకు డ్యూటీ లేదు. సెలవు పెట్టి బస్టాండ్ల కూసున్న."

"ఎరుకే." ఆమె తొట్టి తోమడం ఆపలేదు. "మీ డిపోకు మీ అన్ననే ఫోన్ చేయించిండు. సెలవుల ఉన్నడని చెప్పిన్రు."

"అన్న ఏమన్నడు?"

"ఏమనలే. గోడ దిక్కు మర్లి పండిండు."

"నా మీద కోపంతోనే పోయిండా?"

"ఆయన లోపట ఏమున్నదో నాకేమెరుక? చెప్పనీకి ఎంతసేపు పడతదో నువ్వే లగ్గంల చెప్పినవ్ గద. నా సంగతి అడుగు, చెప్త."

అడగడానికి అతనికి చాలాసేపు పట్టింది. ఆమె తొందరపెట్టలేదు.

"నువ్వు మాఫ్ చేసినవా వదినా?"

"చెయ్యలె. చేస్తనో లేదో గూడ ఎరుక లేదు."

అందులో తీపి లేదు, మెలిక లేదు. అతనికి ఊరట కాలేదు. కానీ పొద్దుటినుంచి విన్నవాటిలో అనుమానించాల్సిన పని లేని మాట అదొక్కటే. జేబులో ఫోను మోగింది. నాగరాణి. మోగి మోగి ఆగింది.

ఉప్పలమ్మ బకెట్ తీసుకుని బోరింగు వైపు నడిచింది. రాజ్‌కుమార్ వెనకే వెళ్లి పిడి అందుకున్నాడు. ఆమె పొమ్మనలేదు, ఉండమనలేదు. బకెట్ మాత్రం ధార కిందికి జరిపింది. అతను కొట్టడం మొదలుపెట్టాడు.