మెహర్ అనుకున్నది

జనవరి ఒకటో తారీఖు పొద్దున పక్కింటి ఎలిజబెత్ టీచర్ చర్చి నుంచి వస్తూనే, ప్లేటులో కేకు ముక్కలు సర్దుకుని రసూల్ గారింటికి వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఆ రెండిళ్ళకీ మధ్య ఒకటే ప్రహరీ గోడ. క్రిస్మస్‌కి అటునుంచి కేకు రావడం, రంజాన్‌కి ఇటునుంచి సేమ్యా వెళ్ళడం మెహర్‌కి ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నదే.

"హ్యాపీ న్యూ ఇయర్ అమ్మా మెహర్. చర్చిలో అందరికీ బైబిలు మాటలు రాసిన వాగ్దానం కార్డులు పంచారు. నాకు మంచిదే వచ్చిందిలే. నువ్వేం అనుకున్నావమ్మా ఈ సంవత్సరానికి?"

మెహర్ వరండాలో కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. "ఏమీ అనుకోలేదండీ," అంది.

"అదేంటమ్మా, ఏదో ఒకటి అనుకోవాలి కదా. నేను రోజూ తెల్లారే నడవాలనుకున్నాను. పోయినేడూ అదే అనుకున్నాననుకో." టీచర్ తన మాటకి తనే నవ్వేసింది.

వంటింట్లోంచి మెహర్ తల్లి సుగ్రా చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "అది అనుకోకపోతే దాని బదులు నేను అనుకున్నాలెండి టీచర్ గారూ. అల్లా దయవల్ల ఈ ఏడైనా దాని ఒళ్ళో ఒక బిడ్డ పడితే, నాకింకేమీ అక్కర్లేదు."

"తప్పకుండా ప్రార్థనలో పెడతానండీ," అంది టీచర్, మెహర్ వైపు జాలిగా చూస్తూ.

మెహర్ మడతపెట్టిన చున్నీని మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. కొన్ని నెలల క్రితమైతే ఈ మాటకి లేచి లోపలికి వెళ్ళిపోయేది. ఇప్పుడు కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు.

పోయినేడు ఇదే రోజున ఆమె కైకలూరులో ఉంది. తనూ, భర్త వసీమూ అద్దింటి మేడ మీద కూర్చుని వేరుశనగకాయలు వొలుచుకుంటూ ఏడాది మొత్తానికీ సరిపడా అనుకున్నారు. వసీమ్ స్నేహితుడు కృష్ణబాబుతో కలిసి కొల్లేటి అంచున రొయ్యల చెరువు కౌలుకి తీసుకోవాలనుకున్నాడు. గాలి తగిలే ఇంటికి మారాలనుకున్నారు. పెళ్ళయి ఆరేళ్ళయినా కలగని బిడ్డ గురించి పైకి అనలేదు గానీ, అదీ అనుకున్నారు. ఉగాది దాటేసరికి చెరువు వచ్చింది, కడుపూ పండింది. డాక్టరమ్మ ఎక్కువ నిలబడొద్దంటే, పట్టాభిరామయ్య గారి ఆక్వా ల్యాబులో చెరువు నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం మానేసింది మెహర్. కెమిస్ట్రీ చదివినందుకు దొరికిన పని అది, ఆమెకి ఇష్టమైన పని.

ఆ తర్వాత ఆగస్టులో ముసురు పట్టింది. ఎండ లేక చెరువు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలడం మొదలెట్టాయి. వసీమ్ ముందు రోజు నుంచే చెరువు గట్టు మీద ఉండిపోయాడు. కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి. ఆ మధ్యాహ్నమే మెహర్‌కి నొప్పి మొదలైంది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా వసీమ్ ఎత్తలేదు. కింద వాటాలో ఉండే జెస్సీ ఆటో పిలిపించి, ఏలూరు హాస్పిటల్ దాకా ఆమె తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా రెండు పక్కలా నీళ్ళే. ఐదు నెలలు నిండిన బిడ్డ ఆ సాయంత్రం నిలవలేదు.

వసీమ్ మోకాళ్ళ దాకా బురదతో చీకటి పడే వేళకి వచ్చాడు. "ఫోను షెడ్డులో ఉండిపోయింది మెహర్, రొయ్యలు..." అని మధ్యలో ఆగిపోయాడు. ఆమె మందు మత్తులోనే గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లటి గుడ్డలో చుట్టిన దాన్ని నర్సు అతని చేతికివ్వడం ఆమెకి లీలగా తెలుసు. మత్తు దిగాక ఆమె ఏమీ అడగలేదు, అతనూ ఏమీ చెప్పలేదు. ఆ వారంలోనే రొయ్యలు చచ్చిపోయాయనీ, ఏదో రోగం తగిలిందనీ ఊళ్ళో వాళ్ళు అంటే వింది. అప్పటి నుంచీ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. చెరువు ఎండిపోయి ఉన్నా వసీమ్ రోజూ పోయి అక్కడే కూర్చునేవాడు. నవంబర్‌లో నాలుగు రోజులుండి వస్తానని పుట్టింటికి వచ్చిన మెహర్ ఇంతవరకూ తిరిగి వెళ్ళలేదు.

ఎండెక్కాక వీధిలో బైకు ఆగిన చప్పుడైంది. వసీమ్. చేతిలో బేకరీ డబ్బా ఉంది. చిక్కిపోయాడు, గడ్డంలో అక్కడక్కడా నెరుపు కనిపిస్తోంది.

"రండి బాబూ, రండి," అంటూ సుగ్రా కుర్చీ దులిపింది. ఆవిడ మొహం చూస్తే టీచర్ గారి ప్రార్థన అప్పుడే ఫలించినట్టుంది.

మెహర్ తండ్రి రసూల్ గారు కళ్ళజోళ్ళ షాపు మధ్యలో మూసి భోజనానికి వచ్చారు. అల్లుడిని ప్రయాణం గురించి అడిగారు, చలి గురించి అడిగారు, ఇంకేమీ అడగలేదు. భోజనాలయ్యాక మెహర్ ఆరబెట్టిన దుప్పట్లు తియ్యడానికి మేడ మీదికి వెళితే వసీమ్ వెనకే వచ్చాడు.

"చెరువు వదిలేశాను," అన్నాడు పిట్టగోడ మీద చెయ్యి వేసి. "కృష్ణబాబుకి కూడా చెప్పేశాను. మేత కంపెనీలో ఉద్యోగం చూసుకున్నాను. సాయంత్రానికల్లా ఇంటికి వచ్చేస్తాను. ఈ ఏడాదంతా నీకు ఎలా కావాలంటే అలాగే."

దారంతా కూడబలుక్కుంటూ వచ్చిన మాటలని ఆమెకి తెలుస్తూనే ఉంది.

"చెరువు వదిలెయ్యమని నేను అడగలేదు కదండీ."

"అడగలేదు. నేనే వదిలేశాను, నీకోసం."

"మీకు విసుగొచ్చి మానేస్తే మానెయ్యండి. నాకోసం అని మాత్రం అనకండి. అది కూడా మొయ్యాలంటే నావల్ల కాదు."

వసీమ్ తల దించుకున్నాడు. కింద వీధిలో పిల్లలు ముందు రోజు మిగిలిన టపాకాయలు కాలుస్తున్నారు. అతను, "మరి నీకేం కావాలో చెప్పు మెహర్. ఏదైనా సరే," అన్నాడు.

మెహర్ దుప్పటి అంచులు కలిపింది. పొద్దుట టీచర్ అడిగినప్పుడు నిజంగానే ఏమీ లేదనుకుంది. ఇప్పుడు వెతుక్కుంటే ఒకటే దొరికింది.

"ఆ రోజు బిడ్డని ఎక్కడ పెట్టారండీ?"

అతను ఉలిక్కిపడ్డాడు. "ఏలూరులో. మా తాతగారి సమాధి ఉన్న చోటే."

"నాకు చూపిస్తారా?"

"ఆడవాళ్ళు ఖబరస్తాన్ లోపలికి రాకూడదని..." అని మొదలెట్టి ఆమె మొహం చూశాడు. "పద," అన్నాడు.

ఇప్పుడెందుకమ్మా, చలిగాలిలో అంత దూరం ఎందుకని సుగ్రా అడ్డుపడబోయింది. రసూల్ గారు షాపుకి బయల్దేరుతూనే, "వెళ్ళి రానీ," అన్నారు.

ఉంగుటూరు, భీమడోలు దాటి గుండుగొలనులో టీకొట్టు దగ్గర బైకు ఆపాడు వసీమ్. ఆమె నడుము పట్టేసింది. ఆగస్టు నుంచీ ఎక్కువసేపు కూర్చుంటే అలాగే పడుతోంది. బల్ల మీద కూర్చుని, హైవే మీద పోయే లారీలని చూస్తూ టీ సగం తాగింది.

"ఈ ఏడు నాకు పిల్లలు వద్దండీ," అంది అతని వైపు చూడకుండానే. "ఎప్పటికీ వద్దని కాదు. ఈ ఏడు మాత్రం వద్దు. ఎవరైనా మంచి మనసుతో దువా చేస్తామన్నా, ప్రార్థన చేస్తామన్నా నాకు ఒళ్ళు బరువెక్కిపోతోంది."

వసీమ్ గ్లాసు కింద పెట్టాడు. అతను ఏమంటాడోనని ఆమె ఓరగా చూసింది. తల్లికి అతను ఒక్కడే కొడుకు.

"నాకూ భయమే," అన్నాడు. "ఇంకోసారి అంటే నాకు ఆ హాస్పిటల్ వరండానే కనిపిస్తుంది. నువ్వు కావాలంటావేమో, కాదంటే నొచ్చుకుంటావేమోనని ఊరుకున్నాను."

"మీరు కావాలంటారేమోనని నేను ఇటు వచ్చేశాను," అంది మెహర్.

పోయినేడు అంత ఉత్సాహంగా అనుకున్నవాటిలో దేనికీ ఇద్దరూ కలిసి ఇంత తేలిగ్గా ఒప్పుకోలేదు. చల్లారిపోయిన టీ తాగేసి మళ్ళీ బైకెక్కారు.

ఏలూరులో ఖబరస్తాన్ గేటు దగ్గర వేళ్ళతో గడ్డం దువ్వుకుంటూ కాపలా పెద్దాయన కూర్చుని ఉన్నాడు. వసీమ్ ఆయన దగ్గరికి వెళ్ళి మెల్లిగా ఏదో చెప్పాడు. ఆయన మెహర్ వైపు ఒకసారి చూసి, లేచి, చూడనట్టు తన కుర్చీని రోడ్డు వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఇద్దరూ లోపలికి నడిచారు.

వసీమ్ చోటు గుర్తుపట్టలేకపోయాడు. తాతగారి సమాధి దొరికింది గానీ, దాని పక్కనంతా గడ్డి మోకాలెత్తు పెరిగిపోయింది. అతను వంగి చేతులతో గడ్డి చీలుస్తూ అటూ ఇటూ వెతికాడు. "ఇక్కడే, ఇక్కడే ఉండాలి," అని గొణుక్కున్నాడు. చివరికి గోడవారగా మట్టిలో గుచ్చిన నీలం రంగు పైపు ముక్క కనిపించింది. చెరువుకి వాడే పైపు అది.

"ఆ రోజు గుర్తు పెట్టడానికి బండిలో ఇదొక్కటే ఉంది," అన్నాడు.

అంత చిన్న చోటు. మెహర్ చున్నీ సర్దుకుని అక్కడే నేల మీద కూర్చుంది.

"ఒక్కరే చేశారా అంతా?"

"కృష్ణబాబు వచ్చాడు. చెరువు దగ్గర్నుంచి పార పట్టుకుని వచ్చి గొయ్యి తవ్వాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు. మసీదు నుంచి హజరత్ గారు వచ్చి నమాజు చదివారు."

"మరి రొయ్యల దగ్గర ఎవరున్నారు?"

వసీమ్ పైపు ముక్కకి పట్టిన మట్టి గోటితో గీకాడు. "ఎవరూ లేరు. ఇద్దరం వచ్చేశాం. జనరేటర్ ఎప్పుడు ఆగిందో తెలియదు. తెల్లారి వెళ్ళేసరికి అన్నీ పోయాయి. రోగం అని జనం అంటే నేనూ అవునన్నాను."

ఇన్నాళ్ళూ రొయ్యలకీ బిడ్డకీ మధ్య అతను రొయ్యలనే చూసుకున్నాడని ఆమె లోపల ఒక మాట గట్టిపడి ఉంది. అది పూర్తిగా అబద్ధమని ఇప్పుడూ అనిపించలేదు. మధ్యాహ్నం అతను రాలేదు, అది నిజం. సాయంత్రం అన్నీ వదిలేసి వచ్చాడు, అదీ నిజమే. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది.

"బాబా, పాపా?" అని అడిగింది.

అతను ఆమెని నమ్మలేనట్టు చూశాడు. "నీకు చెప్పలేదా ఎవరూ? బాబు మెహర్." అతను పైపు ముక్కని సరిచేశాడు. "నెలలు నిండకపోయినా పేరు పెట్టాలన్నారు హజరత్ గారు. నిన్ను అడుగుదామంటే మత్తులో ఉన్నావు. తన్వీర్ అని చెప్పాను. తప్పు చేశానేమో."

"తన్వీర్," అని ఆమె ఒకసారి పైకి అంది. "బాగుంది. మంచి పేరే పెట్టారు."

అప్పుడు వచ్చింది ఏడుపు. వసీమ్ ఆమెని ఊరుకోమనలేదు. పక్కనే కూర్చుని చేతనైనంత మేర గడ్డి పీకాడు. ఇద్దరూ బిడ్డ కోసం ఫాతెహా చదివి లేచేసరికి ఎండ గోడ దాటిపోయింది.

గేటు బయటికి వచ్చాక అతను బైకు ఎటు తిప్పాలో తెలియక ఆగాడు. ఒక పక్క కొల్లేటి మీదుగా కైకలూరు దారి, ఇంకో పక్క తాడేపల్లిగూడెం దారి.

"ఇవాళ అమ్మీ దగ్గరికే తీసుకెళ్ళండి," అంది మెహర్. "పిల్లల సంగతి ఆవిడకి నేనే చెప్పాలి. మీ అమ్మగారికి మీరు చెప్పండి. వచ్చే శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి నన్ను తీసుకెళ్ళండి."

"చెబుతాను. మరి చెరువు?"

"అది మీరూ, కృష్ణబాబు గారూ ఆలోచించుకోండి. నేను మాత్రం పట్టాభిరామయ్య గారికి ఫోన్ చేస్తాను. ల్యాబులో చోటుంటే చేరతాను."

ఆ రాత్రి వంటింట్లో తల్లి పక్కన కూర్చుని వంకాయలు తరుగుతూ చెప్పింది మెహర్. బిడ్డ పేరు చెప్పింది. ఈ ఏడాది ఇంకో బిడ్డ వద్దనుకున్నామని కూడా చెప్పింది. సుగ్రా పొయ్యి మంట తగ్గించింది.

"ఈ ఏడాదికేనా?" అంది.

"ఈ ఏడాదికే అమ్మీ. వచ్చే ఏడాది సంగతి ఇప్పుడు అడగొద్దు."

సుగ్రా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, ఒప్పుకున్నానని మాత్రం అనలేదు. మనవడి పేరు రెండుసార్లు మెల్లిగా అనుకుని, తరిగిన ముక్కలు నీళ్ళలో వేసింది.

శుక్రవారం వసీమ్ వచ్చి ఆమెని కైకలూరు తీసుకెళ్ళాడు. నెలాఖరుకి మెహర్ ల్యాబులో చేరింది. వసీమ్ మేత కంపెనీ ఉద్యోగంలోకే వెళ్ళాడు. అది అతనికి నచ్చలేదని ఇంటికొచ్చి చెప్పేవాడు, ఆమె వినేది. పిల్లల సంగతి విని అత్తగారు కొన్నాళ్ళు ముభావంగా ఉంది. మెహర్ నడుము నొప్పి పూర్తిగా తగ్గలేదు. సాయంత్రం ల్యాబు నుంచి నడిచి వచ్చేసరికి కాళ్ళు లాగేవి. ఇద్దరూ పొద్దున్నే వండిన కూరే వేడి చేసుకుని తిని, గిన్నెలు తెల్లారి తోముకోవచ్చులే అని వదిలేసి పడుకునేవారు. ఆమెకి మళ్ళీ నిద్ర పట్టడం మొదలైంది.