ఆరని నైటీ

పొద్దున్నే డాబా మీద బట్టలు ఆరేయడం కోడలి పని. పాప పుట్టి పదిహేడు రోజులు. పాప గుడ్డలు ఇలా వేస్తే అలా ఆరిపోతాయి. మొగుడు బస్సు డ్రైవరు, అతని ఖాకీ చొక్కా మధ్యాహ్నానికల్లా కరకరలాడుతుంది. ఆమె నైటీలు మాత్రం ఆరవు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఉతికిన నీలం నైటీ ఇప్పటికీ బొట్టు బొట్టుగా కారుతూనే ఉంది. బిల్డింగులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. బాలింత బట్టలు కదా అని ఎండ బాగా తగిలే తాడు ఆమెకి వదిలేశారు. పాపం, అంతకంటే ఏం చెయ్యగలరు! ఉన్నవి మూడే, తడివే తొడుక్కుంటోంది.

చూడ్డానికి వచ్చేవాళ్లకి లోటు లేదు. ముక్కు ఎవరిది, చెవులు ఎవరివి అని పాప మీద పంచాయితీ పెట్టి, టీ తాగి వెళ్లేవాళ్లు. మంచం చివర కన్నతల్లి ఒకతె ఉందని ఎవరికీ పట్టలేదు. మొగుడు ఫోన్ చేస్తే మొదటి మాట, "పాప పాలు తాగిందా?" రెండో మాట వచ్చేలోపు బస్సు కదిలిపోయేది.

"అత్తయ్యా, కుట్ల దగ్గర సలుపుతోంది," అంది ఒకరోజు.

"అందరం కన్నవాళ్లమేనమ్మా. ఓర్చుకోవాలి మరి," అంది అత్తగారు, పాపకి గుడ్డ మారుస్తూ.

అత్తగారు చెడ్డదేం కాదు. అయినా అంతమంది మధ్య కోడలు ఒంటరిదైపోయింది. పాప ఏడిస్తే ఎత్తుకునేది. ఎత్తుకుంటే ఏమీ అనిపించేది కాదు. ఆ సంగతి ఎవరికి చెప్పుకుంటుంది? నువ్వూ ఒక తల్లివేనా అంటారని భయం.

పదిహేడో రోజు పొద్దున వణుకు మొదలైంది. తడి బట్టల వల్లే అనుకుని, తాడు మీది నీలం నైటీ తీసుకుని కింద ఇస్త్రీ అక్క దగ్గరికి దిగింది.

"ఎలాగైనా ఆర్చి పెట్టక్కా."

ఇస్త్రీ అక్కకి ఓ అలవాటు. ఏ బట్టనైనా ముందు చెంపకి ఆనించి తడి చూస్తుంది. రాత్రంతా మంచులో వేలాడిన బట్ట చల్లగా ఉండాలి కదా. చెంప చుర్రుమంది.

"ఓసి పిచ్చిపిల్లా, ఇది నీ ఒంటి వేడే!" అంటూ నుదురు ముట్టుకుంది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసి, ఆటో పిలిచింది.

కుట్లకి చీము పట్టింది. ఇంకో రెండు రోజులు ఆగితే మనిషి దక్కేది కాదని డాక్టరమ్మ కేకలేసింది. తర్వాత గొంతు తగ్గించి, "నిద్ర పడుతోందా? మనసెలా ఉంది?" అని అడిగింది.

కోడలు భోరుమంది. "పాపని ఎత్తుకుంటే ఏమీ అనిపించట్లేదండీ."

"చాలామంది తల్లులకి వస్తుందమ్మా. నీ తప్పు కాదు. దీనికీ వైద్యం ఉంది."

ఆ సాయంత్రం మొగుడు ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చాడు. "నీకెలా ఉంది?" అన్నాడు. పాప మాట ఆ తర్వాతే ఎత్తాడు.

వారానికి ఇల్లు చేరింది. ఇస్త్రీ అక్క మళ్లీ డాబా తాడు మీద వేసిన నీలం నైటీ ఆరింది, అంచు మాత్రం ఇంకా కాస్త చెమ్మగా ఉంది. పాపని ఒళ్లో వేసుకుని ఆ నైటీనే చూస్తోంది. ఇంతలో అత్తగారు ప్లాస్టిక్ సంచితో మెట్లెక్కి వచ్చి, అందులోంచి ఓ పాత పూల గౌను తీసింది. నీళ్లు ధారగా కారుతున్నాయి.

"వాడు పుట్టినప్పుడు నేను తొడుక్కున్నది," అంది, కోడలి మొహం చూడకుండా. "ముప్పై ఏళ్లు పెట్టె అడుగున దాచాను."

కోడలు నైటీని పక్కకి జరిపి తాడు మీద చోటిచ్చింది. "అప్పుడు మీకెలా ఉండేది అత్తయ్యా?"

అత్తగారు గౌను తాడు మీద వేసి, చేతిలో క్లిప్పుతో అలాగే ట్యాంకు గట్టు మీద కూలబడింది. చెప్పడం మొదలుపెట్టింది. వాళ్లు కిందికి దిగేసరికి మధ్యాహ్నమైంది. గౌను కారడం ఆగింది.