దయ్యాల డాక్టరు బొటనవేలు

ఇంట్లో అందరూ ఆమెను దయ్యాల డాక్టరనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది నాన్నే. మధ్యయుగాల యూరప్ సంస్కృతి మీద పీజీ చేస్తూ, ఆనాటి చేతిరాత పుస్తకాల్లో దయ్యాల బొమ్మలకు ముఖాలు ఎందుకు చెరిగిపోయాయో థీసిస్ రాస్తున్నానని ఆమె చెప్పిన రోజు, పోన్లే, బతికున్నవాళ్ల జోలికి వెళ్లట్లేదని కడుపుబ్బ నవ్వాడాయన.

చెరిపింది ఆ పుస్తకాలు చదివినవాళ్లే. భయమేసినప్పుడు వేలు తడి చేసుకుని దయ్యం ముఖాన్ని రుద్దేసేవారు. పాపం అమాయకులు అని గైడ్ దగ్గర ఆమె ఎన్నోసార్లు జాలిపడింది. ఆ జాలికి మార్కులు కూడా బాగానే పడ్డాయి.

ఆ రోజు నాన్నకు గుండె ఆపరేషన్. వేరే ఊళ్లో ఆసుపత్రి, దగ్గర అన్నయ్య ఉన్నాడు. పెద్ద లైబ్రరీలో ఉన్న అలాంటి ఒక అసలు పుస్తకం చూడటానికి ఆమెకు అనుమతి దొరికింది సరిగ్గా ఆ వారమే. మానేసి వస్తానంటే నాన్న ససేమిరా అన్నాడు.

రీడింగ్ రూములోకి ఫోను తేకూడదు. లాకర్లో పెట్టి తాళం వేసి వచ్చింది కానీ ప్రాణమంతా అక్కడే ఉంది. ఎదురుగా మెత్తటి దిండ్ల మీద ఆరు వందల ఏళ్ల నాటి తోలు పుటల పుస్తకం. పుట తిప్పింది. మంచం మీద ఒక ముసలాయన చనిపోబోతున్నాడు. తలగడ పక్క నుంచి దయ్యం చెయ్యి చాపుతోంది. ఈ ముఖం జోలికి మాత్రం ఎవరూ పోలేదు. కళ్లూ పళ్లూ నిన్న గీసినట్టున్నాయి.

ఆమెకు నాన్న మంచం గుర్తొచ్చింది. బొమ్మేగా అని సర్దిచెప్పుకుంది. ఆ ముసలాయనకు గడ్డముంది, నాన్నకు లేదు. కళ్లు మూసుకుని తెరిచింది. ఆ చెయ్యి తలగడకు ఇంకాస్త దగ్గరైనట్టు అనిపించింది. బొటనవేలు నాలుకకు అద్దుకుని, తెలిసి తెలిసి, ఆ ముఖం మీద పెట్టి గట్టిగా రుద్దింది.

ముఖం పోయింది. వేలికి నల్లగా రంగు అంటుకుంది. అప్పుడు గానీ చేసిందేమిటో తెలిసిరాలేదు. ఈ గది తలుపు మూసుకుపోతే థీసిస్ లేదు, థీసిస్ లేకపోతే డిగ్రీ లేదు.

లైబ్రేరియన్ మేడం వచ్చి ఆ పుట మీదికి వంగి చూసింది. చెడ్డమనిషేం కాదు. పొరపాటున తగిలితే మందలించి వదిలేస్తారనీ, కావాలని చేస్తే మళ్లీ గడప తొక్కనివ్వరనీ మెల్లగా గుర్తుచేసింది.

"చెయ్యి జారిందా అమ్మా?"

అవునంటే సరిపోయేది. కానీ అబద్ధం చెబితే ఆ దయ్యం మళ్లీ నాన్న తలగడ పక్కకు వస్తుందేమోనన్న పిచ్చి భయం పట్టుకుంది.

"లేదండి. నేనే చెరిపాను. మా నాన్న ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు."

మేడం ముఖం వాడిపోయింది. పుస్తకం మూసేసి, రీడింగ్ రూము కార్డు తనకిచ్చేసి వెళ్లమంది.

పరుగున వెళ్లి లాకరు తీసింది. ఫోన్లో అన్నీ అన్నయ్య కాల్సే. తిరిగి చేసింది. మధ్యలో డాక్టర్లు ఆశ వదులుకున్నారట. ఉన్నట్టుండి గుండె మళ్లీ దారిలో పడిందట. గండం గడిచిందని అన్నయ్య ఏడుస్తూ చెప్పాడు.

ఆమె గోడకు చేరగిలబడి తనూ ఏడ్చింది. గుండె దారిలో పడింది సరిగ్గా ఎన్నింటికని అడగబోయి, నల్లబడ్డ బొటనవేలు చూసుకుంది. అడగలేదు. అడగాలంటే భయమేసింది.