కోత యంత్రానికి ఏడు తరాలు

పెద్దల కోర్టుకు వెళ్లమని నాకెవరూ చెప్పలేదు. నా అంతట నేనే వెళ్లాను. అందుకని తిట్టుకోవాలంటే నన్ను నేనే తిట్టుకోవాలి. తిట్టుకున్నాను కూడా, రెండు నెలలు, పొద్దున లేస్తూనే మొహం కడుక్కోకముందే.

నా పేరు బుర్మకన్. మా ఊరు అత్-బాషిలో షిర్దాక్‌లు చేస్తాను. ఉన్నిని వేడినీళ్లతో తడిపి, తొక్కి తొక్కి దళసరి గుడ్డలా చేసి, రెండు రంగుల గుడ్డల్ని ఒకదాని మీద ఒకటి పరిచి, పొట్టేలు కొమ్ముల ముగ్గు కత్తితో కోసి, ఒకదాంట్లో ఒకటి ఇమిడ్చి కుట్టే తివాచీలు. అమ్మ దగ్గర తొమ్మిదో ఏట కత్తి పట్టాను. యాభై ఆరో ఏట వేళ్లు కొంకర్లు పోయాయి. "ఇంకా కత్తి పట్టావంటే రేపు చెంచా కూడా పట్టుకోలేవు" అన్నాడు నారిన్ పట్నం డాక్టరు. పనిలేకుండా కూర్చోవడం నావల్ల కాదు, కూర్చుంటే పిచ్చెక్కుతుంది.

నన్ను కాపాడింది ఒక యంత్రం. ఎప్పుడో పదేళ్ల కిందట ఏదో విదేశీ ప్రాజెక్టు వాళ్లు ఇచ్చి, దాని పక్కన నిలబడి ఫొటో దిగి పోయారు. భోజనాల బల్లంత ఉంటుంది, దాని మీద కత్తి తనంతట తనే పరుగెత్తుతూ కోస్తుంది. పక్కన ఒక కంప్యూటరు. చేతులు బాగున్నన్నాళ్లూ దాని మీద ఉన్ని మూటలు పెట్టుకున్నాను. చేతులు పోయాక మూటలు దించి దణ్ణం పెట్టాను. మూడేళ్లు అదే నా చేతులు.

మార్చిలో కంప్యూటరు చచ్చిపోయింది. యంత్రం నిక్షేపంలా ఉంది. దాన్ని చేసిన కంపెనీ మూతపడి ఆరేళ్లయిందట, అడగడానికి దిక్కు లేదు. కొత్త కంప్యూటరు తెచ్చి తీగ కలిపితే, రెండూ ఒకదాన్నొకటి ఎరగనట్టు మూతి ముడుచుకొని కూర్చున్నాయి.

మా చెల్లెళ్లిద్దరి మొగుళ్లు పరుగెత్తుకొచ్చారు. నన్ను ఎజె, అంటే అక్కా, అంటారు; ఒకరినొకరు బాజా, అంటే తోడల్లుడా, అనుకుంటారు. పెద్దవాడు మెల్స్, బజారులో ఫోన్లు బాగుచేస్తాడు. చిన్నవాడు ఇస్కెందర్, బళ్లో కంప్యూటరు పాఠాలు చెబుతాడు. తోడల్లుళ్లంటే ఉప్పూ నిప్పే అనుకోండి. అయినా వీళ్లు మనుషుల గురించి పోట్లాడుకోరు, కంప్యూటర్లోకి ఏ సిస్టం ఎక్కించాలన్న దాని మీద పోట్లాడుకుంటారు.

"ఊరికే వచ్చేదానికి విలువేముంటుంది బాజా? డబ్బు పెట్టి కొన్నదే సిస్టం" అన్నాడు మెల్స్.

"నువ్వు కొన్నావా?"

"కొనకేం? యాభై సోమ్‌లు పోశాను."

డిస్క్ తీసి చూపించాడు. దాని మీద స్కెచ్ పెన్నుతో 'ఒరిజినల్' అని రాసి ఉంది.

ఇస్కెందర్ కడుపు పట్టుకొని నవ్వాడు. "దొంగ సరుకు పట్టుకొని కొన్నానంటాడేంటి ఎజె, ఈ మనిషి! నాది చూడు. ప్రపంచంలో ఎవరైనా విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పంచొచ్చు. దాపరికమే లేదు."

"పంచుకోండి. యంత్రం కదుల్తుందా?" అన్నాను.

కదల్లేదు. మంగళవారం మెల్స్ తన సిస్టం ఎక్కించాడు. బుధవారం ఇస్కెందర్ దాన్ని తుడిచేసి తనది ఎక్కించాడు. గురువారం మళ్లీ మెల్స్. ఇస్కెందర్ సిస్టంతో మాత్రం కత్తి ఒక్కసారి పైకి లేచి, అక్కడే గడగడ వణికి, మళ్లీ పడుకుంది. "చూశావా, ప్రాణం ఉంది!" అని వాడు గంతులేశాడు. "చలిజ్వరం ఉంది" అన్నాడు మెల్స్. తొమ్మిదో సారి తుడిచినప్పుడు ఒకడి కల్పాక్ ఇంకొకడు లాగి కిటికీలోంచి విసిరేశాడు. తల మీది టోపీ దాకా వచ్చిందంటే ఇక మాటలయిపోయినట్టే. నా తలప్రాణం తోకకొచ్చి, పెద్దల కోర్టుకు అర్జీ రాశాను.

అర్జీలో నేనడిగింది ఒక్కటే, ఈ ఇద్దరినీ నా కంప్యూటరు ముందు నుంచి లేపమని. చివర్న బుద్ధి గడ్డి తిని ఇంకో వాక్యం చేర్చాను: 'యంత్రానికీ కంప్యూటరుకీ పొత్తు కుదరడం లేదు.'

కోర్టంటే ముగ్గురు పెద్దలు, గ్రామ కార్యాలయంలో ఒక బల్ల, టీ, ఒక గిన్నెడు బోర్సోక్, నూనెలో వేయించిన పిండి ముక్కలు. పెద్దాయన ఓస్మొనాలీ, అందరూ గౌరవంగా అక్సకాల్ అంటారు. సర్కారు గొర్రెల ఫారంలో ముప్పై ఏళ్లు పొట్టేళ్ల పుట్టుపూర్వోత్తరాల పుస్తకం రాసినవాడు. పొట్టేలు మొహం చూసి దాని తాత పేరు చెబుతాడు. రెండో ఆయన ఎప్పుడూ నిద్రపోతుంటాడు. మూడో మనిషి ఉమ్సునాయ్ అపా, మంత్రసాని పని చేసి రిటైరైంది, తల ఎత్తకుండా మేజోళ్లు అల్లుతుంటుంది.

ఓస్మొనాలీ అర్జీ అంతా వదిలేసి చివరి వాక్యం పట్టుకున్నాడు.

"పొత్తు కుదరటం లేదంటే ఎవరికి ఎవరితో?"

ఇస్కెందర్ లేచాడు. "అక్సకాల్, కంప్యూటర్లో సిస్టం అని ఒకటుంటుంది. అది ఇల్లనుకోండి. యంత్రం తరఫున డ్రైవర్ అని ఒక చిన్న ప్రోగ్రాం వచ్చి ఆ ఇంట్లో ఉండాలి. ఇంటి పద్ధతి దానికి తెలియాలి, దాని మాట ఇంటికి అర్థం కావాలి. అప్పుడే యంత్రం కదుల్తుంది."

"అంటే కోడలన్నమాట."

"అలాగే అనుకోండి" అన్నాడు వాడు. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

"అనుకునేదేంటయ్యా, నువ్వు చెప్పిందే అది! కోడల్ని తెచ్చుకునేటప్పుడు ఏడుగురు తండ్రుల పేర్లు అడగరూ? అడక్కుండా ఇంట్లోకి తోలేసి, కాపురం కుదర్లేదని నా దగ్గరికొస్తారా? మెల్స్, నువ్వు ముందు చెప్పు. నీ సిస్టం తండ్రెవరు?"

"కంపెనీ, అక్సకాల్."

"కంపెనీ ఎవరి దగ్గర నేర్చింది?"

"అది బయటికి చెప్పరు. రహస్యం."

"కోడలి తండ్రి?"

మెల్స్ చెవులు ఎర్రబడ్డాయి. "అదీ... రహస్యమేనండి."

"తండ్రి పేరడిగితే రహస్యమనేవాడితో వియ్యమా? కూర్చో!"

ఇస్కెందర్ మొహం చూడాలి. పండగే. తెరిచి ఉన్న ప్రోగ్రాంలో ఎవరి పని ఎవరు తీసుకొని పెంచారో పేర్లతో సహా రాసి ఉంటుందట. ప్రింటరుకి కూడా డ్రైవర్ కుదరక, నాలుగు కాగితాల నిండా చేత్తో రాసుకొచ్చాడు. సిస్టం వంశం గడగడ చదివాడు. ఒక్కో పేరుకీ ఓస్మొనాలీ తల ఊపాడు. "ఇదీ ఇల్లంటే! ఇదీ వంశమంటే!" అన్నాడు. తరవాత డ్రైవర్ వంశం మొదలైంది. ఒకటి, రెండు, మూడు...

"నాలుగోవాడు లూంగ్రెన్" అని చదివాడు ఇస్కెందర్.

"ఆగు. ఇందాక సిస్టం వైపు ఆరోవాడెవరు?"

ఇస్కెందర్ కాగితం తిరగేశాడు. "లూంగ్రెన్."

"వీడేనా?"

"ఈయనే. చాలా గొప్పవాడండి, మొదట్లో అందరికీ రాసిపెట్టింది ఆయనే."

"గొప్పవాడే. రెండు వైపులా తాత."

హాల్లో గుసగుసలు. ఓస్మొనాలీ టీ గిన్నె పక్కన పెట్టి ముద్ర అందుకున్నాడు. "ఏడు తరాల లోపు ఒకే రక్తం. కలపకూడదు. కత్తి ఎందుకు వణికిందో ఇప్పుడు తెలిసిందా?"

"అక్సకాల్!" ఇస్కెందర్ గొంతు చించుకున్నాడు. "ఒకే మూలం నుంచి వస్తే మంచిది కదండీ! అలాగైతేనే బాగా కుదిరేది!"

వెనక బెంచీలో ఒకావిడ దోషం అంటకుండా తన కాలరులోకి తు తు మని ఊసింది. "అన్నాచెల్లెళ్లకైతే బాగా కుదురుతుందంటున్నాడమ్మా. వీడా మన పిల్లలకి పాఠాలు చెప్పేది?" ఇస్కెందర్ కాగితాలు మడుచుకొని కూర్చున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి వెళ్లి రెండు చేతులూ ఆయన బల్ల మీద పెట్టాను. "మీ తరాలు మీ దగ్గరే ఉంచుకోండి. ఈ వేళ్లు చూడండి అక్సకాల్. ఆ యంత్రం కదలకపోతే నా పని అయిపోయింది. నేను షిర్దాక్ చేసేదాన్ని, ఇంకేం కాను. మీకు కోడళ్లూ వియ్యాలూ కనబడుతున్నాయి, నేను కనబడ్డం లేదా?"

ఉమ్సునాయ్ అపా అల్లిక ఆపి నా వేళ్లు తన చేతిలోకి తీసుకొని ఒక్కొక్కటే నిమిరింది. ఓస్మొనాలీ గొంతు తగ్గింది కానీ ముద్ర పడనే పడింది. "వేరే రక్తం కోడల్ని వెతుక్కో అమ్మా. తెచ్చినరోజే సంతకం పెడతాను."

వేరే రక్తం ఎక్కడుంది? ఆ పాడు యంత్రానికి ప్రపంచం మొత్తం మీద లూంగ్రెన్ మనవరాలు ఒక్కతే ఉంది. ఇక కొత్తగా, ఎవరి దగ్గరా ఒక్క ముక్క తీసుకోకుండా, మొదటి నుంచీ రాయాలి. యంత్రం ఏ అంకెకి ఎలా కదుల్తుందో చెప్పే పుస్తకం లేదు. మెల్స్ యంత్రం పొట్ట విప్పి తీగలకి తన ఫోన్ల సామాను తగిలించాడు. ఇస్కెందర్ ఒక్కో అంకె పంపాడు. నేను కుర్చీ వేసుకొని కత్తిని చూస్తూ చెప్పాను: ఇప్పుడు దిగింది, ఇప్పుడు పక్కకి లాగింది, ఇప్పుడు బరువు తీసేసింది. నలభై ఒక్క రోజులు. టోపీలు విసురుకున్నవాళ్లు ఒకే పళ్లెంలో తిన్నారు, తిడుతూనే.

కత్తి ఎలా నడవాలో చూపించమంటే, గాల్లో నా చెయ్యి తిప్పి చూపించేదాన్ని. ఇస్కెందర్ చూస్తూ రాసుకునేవాడు.

"ఎజె, కొమ్ము వంపు దగ్గర ఎందుకాగావు?"

"అక్కడ ఆగాలి."

"ఎందుకూ?"

"ఎందుకేంటి? అమ్మ ఆగేది. ఊపిరి తీసుకొని, అప్పుడు తిప్పేది."

"యంత్రానికి ఊపిరెందుకు బుర్మకన్ ఎజె?" అని మెల్స్ ఎగతాళి చేశాడు. "నీకెందుకు, రాయనీ" అన్నాను. ఇస్కెందర్ రాశాడు.

ప్రోగ్రాం పైన రాసినవాళ్ల పేరుండాలి. ఇస్కెందర్ పేరు పెడితే మెల్స్ ఊరుకోడు, మెల్స్ పేరు పెడితే ఇస్కెందర్ ఊరుకోడు. విసుగెత్తి నా పేరు పెట్టేశారు. కోర్టు ఒప్పుకోకుండా మీట నొక్కడానికి మాత్రం ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. అమ్మలక్కల నోళ్లకి బళ్లో ఇస్కెందర్ ఉద్యోగమే ఊడేలా ఉంది.

మళ్లీ అదే బల్ల, అవే బోర్సోక్‌లు.

"తండ్రి?" అన్నాడు ఓస్మొనాలీ.

"లేడండి" అన్నాడు ఇస్కెందర్. "తల్లి ఉంది. బుర్మకన్ ఎజె."

"తండ్రి లేకుండా నేను తరాలెలా లెక్కపెట్టను? మెల్స్ డిస్కుకీ దీనికీ తేడా ఏంటి?" ఆయన ముద్రని పక్కకి జరిపాడు.

ఉమ్సునాయ్ అపా మేజోడు ఒళ్లో పెట్టుకుంది. ఆ కోర్టులో ఆమె గొంతు విన్నవాళ్లు ఎవరూ లేరు.

"ఓస్మొనాలీ, మూడు వేల మంది బిడ్డల్ని ఈ చేతుల్లో పట్టాను. తండ్రెవరో వాళ్లు చెప్తే విన్నానే గానీ ఒక్కసారీ నా కళ్లతో చూడలేదు. తల్లిని మాత్రం ప్రతిసారీ చూశాను. నువ్వు పుట్టినప్పుడు పట్టింది మా అమ్మ. మీ అమ్మ ఎవరో ఆవిడకి బాగా తెలుసు. అంతకుమించి నన్ను మాట్లాడించకు. ముద్ర వెయ్."

నిద్రపోయే ఆయన కళ్లు తెరిచాడు. ఓస్మొనాలీ పక్కకి జరిపిన ముద్రని మళ్లీ దగ్గరికి లాక్కొని వేశాడు.

ఆ మధ్యాహ్నం సగం ఊరు నా కొట్లో ఉంది. ఎర్రదీ నల్లదీ పరిచాం. ఇస్కెందర్ మీట నొక్కాడు. కత్తి దిగింది, వణకలేదు. తిన్నగా పరుగెత్తి, కొమ్ము వంపు దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"అయిపోయింది. చచ్చింది" అన్నాడు మెల్స్.

నాకు తెలుసు. నేనూ ఊపిరి తీసుకున్నాను. కత్తి తిరిగింది. చూస్తూ ఉంటే అమ్మ మోచెయ్యి కనబడింది నాకు, ఆవిడ పోయి ఇరవై రెండేళ్లయింది. ఏడ్చాను, చాటుకి వెళ్లలేదు, అందరి ముందే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇస్కెందర్ ఆ ప్రోగ్రాంని ఎవరైనా తీసుకునేలా లోకానికి తెరిచి పెట్టాడు. ఆకులు రాలే రోజుల్లో పోర్చుగల్ నుంచి ఒక చెప్పులు కుట్టేవాడు ఉత్తరం పంపాడు. అతని దగ్గరా ఇలాంటిదే దిక్కులేని యంత్రం ఉందట. మాది ఎక్కించగానే లేచి కూర్చుందట. అయితే ప్రతి మూల దగ్గరా కాసేపు ఆగుతోంది, లోపమేమో, తీసెయ్యనా అని అడిగాడు.

"ఏం రాయమంటావు ఎజె?"

"తీసేసుకోమను. తెరిచి పెట్టింది అందుకేగా" అన్నాను. మనసు చివుక్కుమన్న మాట నిజం.

రెండు వారాలకి ఇంకో ఉత్తరం వచ్చింది. ఆగడం తీసేస్తే మూలల్లో తోలు చిరుగుతోందట, మళ్లీ పెట్టేశాడట. నా పేరు కింద తన పేరు చేర్చుకోవచ్చా అని అడిగాడు.

ఉత్తరం పట్టుకొని ఓస్మొనాలీ ఇంటికి వెళ్లాం. ఆయన పొట్టేళ్ల పుస్తకం దించాడు. చివర్న ఖాళీ పేజీలున్నాయి. "పోర్చుగల్ వాడా? మంచిదే, రక్తం దూరం" అంటూ కళ్లజోడు పెట్టుకున్నాడు. ఆ పుస్తకంలో తల్లుల పేర్లుండవు, ఏ తరానికైనా తండ్రి పొట్టేలు పేరే. పేజీ మధ్యలో నా పేరు రాశాడు, దాని కింద ఆ చెప్పులతని పేరు ఒక్కో అక్షరం ఇస్కెందర్‌ని అడుగుతూ రాశాడు. రాసి పుస్తకం మూయలేదు.

"ఆ మూల దగ్గర ఆగేది నీ సొంతం కాదటగా" అన్నాడు.

"కాదు అక్సకాల్. మా అమ్మది."

కలం నా పేరు పైకి జరిపి, అక్కడ ఆపి పట్టుకున్నాడు. "ఏం పేరమ్మా మీ అమ్మది?"

చెప్పాను.