వీధికి నలుగురున్న పేరు

చీపురు దగ్గరికి రాగానే కాళ్ళు రెండూ పైకెత్తడం మా ఆయనకి వచ్చిన ఇంటిపని. ఫోన్ మీంచి కళ్ళు తియ్యకుండానే ఎత్తుతాడు, చీపురు దాటాక దించుతాడు. ఎనిమిదేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా గురి తప్పలేదు. ఆ రోజు కాళ్ళు గాల్లో ఉండగానే అన్నాడు: "ఆ పేరా! ఆ పేరుకి వీధికి నలుగురున్నారు. మన పిల్లకీ అదే తగిలిస్తే ఐదోది అవుతుంది."

నేను వంగి ఉన్నాను. మూడు నెలల కిందట పొట్ట కోసి బిడ్డను తీసిన చోట కుట్లు ఇంకా సలుపుతూనే ఉన్నాయి. వంగి ఊడ్చేదానికి సోఫాలో కూర్చున్నవాడి అరికాళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ఆ అరికాళ్ళకే జవాబు చెప్పాను.

"ఉంటే ఉన్నారు. నాకిష్టం."

"నీ ఇష్టం సరేలే. రేపు వీధిలో నిలబడి పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. మన పిల్లకంటూ ఒక ప్రత్యేకత ఉండొద్దూ?" అని కాళ్ళు దించాడు.

ప్రత్యేకత గురించి ఎవరు మాట్లాడుతున్నారో చూడండి. పెళ్ళయిన దగ్గర్నుంచి ఈయన నన్ను పిలిచే పేరు "ఇదిగో". కాగితాల మీద నాకో పేరుందని ఈయనకి తెలుసు, బ్యాంకు ఫారాల్లో రాస్తాడు కూడా. నోటితో అంటే అరిగిపోతుందనుకుంటాడేమో, అనడు. ఒకసారి బట్టల షాపులో నేను నాలుగు అరలు అవతల ఉంటే ద్వారం దగ్గర నిలబడి "ఇదిగో!" అని కేకేశాడు. ఐదుగురు ఆడవాళ్ళం తిరిగి చూశాం. అందులో ఒక ముసలావిడ, చేతికర్ర ఊతంతో, పాపం కష్టపడి తిరిగింది. తన మొగుడు కాదని తెలిశాక నా వైపు చూసి ఒక నవ్వు నవ్వింది. ఆ నవ్వు నేనింకా మర్చిపోలేదు.

నా కూతురికి పెట్టాలనుకున్న పేరేమిటో ఇక్కడ చెప్పను. చెప్పానా, మీరూ "ఓస్, అదా! మా చిన్నాన్న మనవరాలికీ అదేగా" అంటారు. మూడక్షరాలని మాత్రం చెబుతాను. అది మా అమ్మ నాకు పెట్టాలనుకున్న పేరు. నేను పుట్టినప్పుడు మా నాన్న చొక్కా తొడుక్కుని వెళ్ళి, తన తల్లి పేరు రాయించి వచ్చాడు. అమ్మని అడగలేదు. పచ్చి బాలింత, మంచం మీద ఉంది, పేరుతో దానికేం పని? అలా బళ్ళోనూ కాగితాల్లోనూ నాన్న నోట్లోనూ నేను మా నాయనమ్మనయ్యాను. వంటింట్లో మాత్రం నా అసలు పేరు బతికే ఉండేది. తలదువ్వుతూ అమ్మ నా చెవి దగ్గర ఆ మూడక్షరాలూ అనేది, ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న వస్తువులా, మెల్లగా. వసారాలో నాన్న చెప్పుల చప్పుడు వినబడిందంటే మూడో అక్షరం మింగేసేది. రెండక్షరాల దగ్గర తెగిపోయిన నా పేరు చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నాకు కూతురు పుడితే ఆ మింగిన అక్షరంతో సహా నడి హాల్లో నిలబడి పిలవాలని పదేళ్ళ వయసులోనే అనుకున్నాను.

పుట్టింది. మూడు నెలలైంది. ఇంకా "పాప". జనన నమోదు ఫారం ఆసుపత్రిలోనే ఇచ్చారు, పేరు నింపి సోమవారంలోగా పంపాలి. ఆ ఫారం మీద మా ఆయన ఆ రోజే సంతకం చేసేశాడు. ఖాళీ కాగితం మీద. "నింపుకోవడం నీకు అలవాటేగా" అన్నాడు. మా ఇంట్లో కాగితాల పద్ధతి ఇదే. గ్యాస్ కనెక్షన్ కానీ, ఇన్సూరెన్స్ కానీ, మామగారి పెన్షన్ కానీ, సంతకం మగవాళ్ళది, నింపడం నాది. స్కూలు ఆఫీసులో రోజంతా ఫారాలు నింపి వస్తాను కదా, ఇంటికొచ్చి నాలుగు నింపితే చెయ్యి అరగదని వాళ్ళ ఉద్దేశం. చదివే అలవాటు ఒక్కరికీ లేదు. చివర్న చుక్కల గీత ఎక్కడుందో వెతుక్కుని సంతకం గిలికేస్తారు.

"మరైతే మీరేం పేరనుకుంటున్నారు?" అని అడిగాను, చెత్త చేటలోకి ఎత్తుతూ.

దానికోసమే కాచుకుని ఉన్నట్టు నిటారుగా కూర్చున్నాడు. తన పేరులో మొదటి అక్షరం, వాళ్ళ నాన్న పేరులో నడిమి రెండు అక్షరాలు, చివర వాళ్ళమ్మ పేరులోంచి ఒక తోక. కలిపి అతికించాడు. "ఇంటర్నెట్ అంతా వెతికాను, ప్రపంచంలో ఒక్కరికీ లేదు!" అన్నాడు, దేన్నో కనిపెట్టినట్టు మొహం పెట్టి. అత్తగారు వంటింటి గుమ్మంలోంచి "ఎంత బావుందిరా! ఇంటిల్లిపాదీ అందులోనే ఉన్నాం" అని మురిసిపోయారు. నిజమే, ఇంటిల్లిపాదీ ఉన్నారు. తొమ్మిది నెలలు మోసి కడుపు కోయించుకున్నదాని పేరులోంచి ఒక ఒత్తు కూడా లేదు. సున్నా కూడా లేదు. నేను అడగలేదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

మర్నాడు ఆ పేరు చీటీ మీద రాసి మా స్కూలు ఆయాకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. చదివి, చీటీ తిప్పి వెనక కూడా చూసింది.

"ఎవరికమ్మా ఒంట్లో బాలేదు? రోజుకి ఎన్నిసార్లు వేసుకోమన్నారు?"

నేను ఎంత నవ్వానంటే పాలు పొంగి జాకెట్టు తడిసిపోయింది. తల్లినయ్యాక నవ్వుకి కూడా ఇలాంటి జరిమానాలుంటాయని ఎవరూ చెప్పలేదు.

అయినా నిజం చెప్పాలి. మా ఆయన మాట నాలో ముల్లులా గుచ్చుకోకపోలేదు. పెట్టె అడుగున ఇరవై అయిదేళ్ళు దాచుకున్న గుడ్డను తీసి చూసేసరికి ఊళ్ళో అందరూ అదే గుడ్డ కట్టుకుని తిరుగుతున్నట్టుంది. నాది మాత్రమే అనుకున్న దాని మీద ఇంతమంది చేతులు పడ్డాయని ఉక్రోషంగా కూడా ఉంది. ఆ పేరు గలవాళ్ళు నాలుగో తరగతిలోనే ముగ్గురున్నారు. ఏదో పని కల్పించుకుని ఆ క్లాసుకి వెళ్ళి వెనక నిలబడ్డాను. టీచరమ్మ హాజరు పిలుస్తోంది. ఆ మూడక్షరాలూ అనగానే ముగ్గురూ ఒకేసారి "ప్రెజెంట్!" అని అరిచి, పడీపడీ నవ్వారు. రోజూ అదే ఆటట. ఒకతి పళ్ళూడిన పిల్ల. ఒకతి కళ్ళద్దాల పిల్ల, చేతుల నిండా సిరా. మూడోది కిటికీ వైపు చూస్తూ జడ చివర నములుతోంది. ఒకే పేరుతో ఒకరిలో ఒకరు కరిగిపోయిన పిల్లలు నాకక్కడ కనబడలేదు. ఆడపిల్లని మాయం చెయ్యడానికి ఊళ్ళో నలుగురికున్న పేరు చాలదు. ఇంట్లో వాళ్ళు పూనుకోవాలి.

మధ్యాహ్నం బిడ్డకి పాలివ్వడానికి ఇంటికి పరిగెత్తాను. పావుగంట టైము. నేను పాలిస్తుంటే అత్తగారు "పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నానమ్మా, నడుం పడిపోయింది" అన్నారు. తడిసిన గుడ్డలు బాత్రూములో నా కోసం బకెట్టెడు ఎదురుచూస్తున్నాయి. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేం లేదు, చూస్తూనే ఉన్నారు. ఒక చేత్తో బిడ్డని పట్టుకుని రెండో చేత్తో అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ విషయమంతా వింది. తర్వాత అంది:

"పోనీలేమ్మా, గొడవెందుకు? వాళ్ళకి నచ్చిందే రాయనీ. నువ్వు వంటింట్లో పిలుచుకుందువుగానీ."

అమ్మ ఆ మాట ఓదార్పుగానే అంది. తనకున్న ఆస్తి అదే, అదే నాకిచ్చింది. నా ఒళ్ళో పిల్ల కళ్ళు మూసుకుని, గుప్పెడు నా జాకెట్టు పట్టుకుని, ప్రపంచంలో ఎవరికీ భయపడకుండా గుటకలు వేస్తోంది. దీని చెవిలో రెండక్షరాలు ఊది, మూడోది నేను మింగాలా?

తిరిగి స్కూలుకి వెళ్ళి అడ్మిషన్ రిజిస్టర్లు తీశాను. హెడ్మాస్టరు తలుపులోంచి తొంగిచూసి "ఆఫీసమ్మాయ్, చేతులు ఖాళీగా ఉన్నట్టున్నాయి, రెండు టీలు చెప్పు" అన్నాడు. చెప్పి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. ఏడువందల నలభైమంది పిల్లలు. ఆ పేరు గలవాళ్ళు పదకొండుమంది. సరే, ఎక్కువే, ఒప్పుకుంటాను. అలవాటుకొద్దీ పక్క గడిలోకి కూడా చూపు పోయింది. ఒకే పేరు ఇద్దరికుంటే ఇంటిపేరు చూసి గుర్తుపట్టడం మా పద్ధతి. ఆ గడి వెంట వేలు దించుకుంటూ పోయాను. ఒకటి, రెండు, ఆరు, పంతొమ్మిది... వేలు ఆగేసరికి యాభై మూడు. ఒక్క చుట్టరికం కూడా లేని యాభైమూడు మంది పిల్లలు, ఒకే ఇంటిపేరు. మా ఆయనది.

ఇంకోసారి లెక్కపెట్టాను, తప్పు పోకూడదని. నా ఇంటిపేరు, అంటే నాతో పుట్టి, పెళ్ళయిన నెలకి కాగితాల్లోంచి కొట్టేసిన ఇంటిపేరు, ఏడువందల నలభైలో ఒక్కటీ లేదు. పలకాలంటే నాలుక రెండు మలుపులు తిరగాలి. విన్నవాళ్ళంతా "ఏంటీ? మళ్ళీ చెప్పండి" అనేవాళ్ళు. అరుదంటే అదీ.

బ్యాగులోంచి నమోదు ఫారం తీశాను. ఇంటిపేరు గడి కింద, చీమంత అక్షరాలతో అచ్చు: తల్లిది / తండ్రిది. వర్తించనిది కొట్టివేయవలెను. ఈ ఊళ్ళో ఎంతమంది తండ్రులు ఆ కాగితం మీద సంతకాలు చేసి ఉంటారు! ఆ చీమల్ని ఒక్కడైనా చూశాడా?

దొంగచాటుగా నింపే అవసరం నాకు లేదు. ఆదివారం పొద్దున్న టిఫిన్లు అయ్యాక, తిన్న పళ్ళేలు తీసి, బల్ల తుడిచి, ఆరాక ఫారం పరిచాను. పెన్ను, స్కేలు పక్కన పెట్టుకున్నాను. మామగారు పేపర్లో ఉన్నారు. అత్తగారు పిల్లని ఒళ్ళో వేసుకున్నారు.

"పేరు ఎక్కువమందికి ఉండకూడదన్నారు కదా," అన్నాను.

"అవును. గుంపులో గోవిందలా ఉండకూడదు," అన్నాడు మా ఆయన.

"ఒప్పుకున్నాను. లెక్క కూడా చూశాను. నేను చెప్పిన పేరు స్కూల్లో పదకొండుమందికి ఉంది. మీ ఇంటిపేరు యాభైమూడు మందికి ఉంది."

ముందు అర్థం కాలేదు. నవ్వాడు. "ఇంటిపేరు సంగతి ఎవడడిగాడు?"

"మీరే. ప్రత్యేకత కావాలన్నది మీరేగా. పదకొండు ఎక్కువైతే యాభైమూడు ఇంకా ఎక్కువ. అందుకని దాన్ని తీసేస్తున్నాను. నా ఇంటిపేరు, మా అమ్మ పెట్టిన పేరు. ఆ రెండూ కలిపి ఇంటర్నెట్‌లో వెతుక్కోండి. ప్రపంచంలో ఒక్కతే."

మామగారి పేపరు కిందికి దిగింది. అత్తగారు "అదేం అప్రాచ్యపు మాటమ్మా! తండ్రి లేని పిల్లనుకుంటారు లోకులు!" అన్నారు.

"పెళ్ళిదాకా నాన్న ఇంటిపేరుతో తిరిగిన నన్ను చూసి తల్లి లేని పిల్లని ఎవరైనా అనుకున్నారా అత్తయ్యా?"

మా ఆయన మొహం ఎర్రబడింది. గెలిచే మాట దొరికినట్టు వేలు చూపించాడు. "నీ ఇంటిపేరేంటే, నీ ఇంటిపేరు? అది మీ నాన్నది!"

"మీది మీ నాన్నది కాదా? మీకు రాగానే మీదైనప్పుడు, నాకు రాగానే నాదెందుకు కాదు?"

ఆ తర్వాత చాలా మాటలొచ్చాయి. వంశం వచ్చింది, పరువు వచ్చింది, మా అమ్మ పెంపకం కూడా వచ్చింది. నేను స్కేలు ఆనించి 'తండ్రిది' అన్న మాటని ఒక చివర నుంచి ఇంకో చివరకి నిదానంగా కొట్టేశాను. గీత వంకర పోలేదు. చిన్న చిన్న గడుల్లో అక్షరాలు నింపాను. మూడో అక్షరం దగ్గర పెన్ను కాస్త నొక్కి రాశాను.

"నేను సంతకం పెట్టను!" అన్నాడు.

"పెట్టేశారు. కిందున్నది మీ సంతకమే, చూసుకోండి. నింపడం నాకు అలవాటేనన్నారు. నింపాను."

కవరులో పెట్టి అంటించాను. వెళ్ళి అత్తగారి ఒళ్ళోంచి పిల్లని తీసుకుని, నడి హాల్లో నిలబడి, మూడక్షరాలూ పూర్తిగా, వీధిలోకి వినబడేలా పిలిచాను. పిల్ల నా నోటివంక చూసింది. నిజంగానే కిటికీ బయట ఎవరో పిల్ల ఆటలోంచి "ఆఁ?" అంది. ఉండనీ, ఐదుగురున్నా పలకనీ. నేను కవరూ పిల్లనీ పట్టుకుని చెప్పులేసుకున్నాను.

వెనకనుంచి "ఇదిగో!" అని కేక వినబడింది.

ఎవరినో అనుకున్నాను.