బస్తాకి నాలుగు డబ్బాలు

వ్యాపారం మొదలుపెట్టిన రోజున షావుకారు చేతిలో ఉన్నవి ఒక తోపుడు బండి, అడిగి తెచ్చుకున్న జల్లెడ, ఒకే ఒక్క ఖాతా. ఆ ఖాతా ఒక చిన్న ఊరి బేకరీది. వారానికి ఆరు బస్తాల గోధుమపిండి అక్కడ దింపితే ఇంట్లో పొయ్యి వెలిగేది. పెళ్లైన కొత్తలో భార్యను కూడా బస్తాల పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లేవాడు. బేకరీ ఆయన బట్టీలోంచి అప్పుడే తీసిన రొట్టెను విరిచి ఇద్దరి చేతుల్లోనూ పెట్టేవాడు. పైన పెళుసుగా, లోపల దూదిలా ఉండే ఆ రొట్టెకు మాడీ మాడనట్టు ఒక తీపి వాసన. ఆవిడ తిన్నంత తిని, మిగిలింది ఇంటిదాకా వాసన చూస్తూ తెచ్చుకునేది.

తర్వాత కొట్టు పెద్దదైంది, వేరే ఊరికి మారింది. అయినా ఆ బేకరీకి పిండి లారీలో పంపుతూనే ఉన్నాడు. ఆరేళ్ల కిందట కొట్టు మూసి ఇంటిపట్టున కూర్చున్నాడు. అదే ఏడు బేకరీ ఆయన పోయాడని తెలిసింది.

మొన్న కూతురు, అమ్మా నీ పుట్టినరోజుకు ఏం కావాలని అడిగితే, ఆవిడ ఆ రొట్టె అంది. కూతురు కారు తోలింది. వెనక సీట్లో ఎనిమిదేళ్ల మనవరాలు. దారి పొడుగునా షావుకారు తన పాత కథ ఎత్తుకున్నాడు. తన బస్తాలో పిండి తప్ప దుమ్ము కూడా ఉండేది కాదన్నాడు, నిజాయితీ ఒక్కటే తనను నిలబెట్టిందన్నాడు. కూతురికి ఆ కథ కంఠతా వచ్చు కాబట్టి రోడ్డు చూసుకుంది. మనవరాలు మాత్రం నోరు తెరుచుకుని వింది.

బేకరీ ఏమీ మారలేదు. పిండి పిసికే బల్ల మధ్యలో అరిగి దొప్పలా అయింది. బట్టీ పైన గోడ నల్లగా నిగనిగలాడుతోంది. ఇప్పుడు నడిపేది బేకరీ ఆయన కూతురు. చూడగానే బాబాయ్ అంటూ ఎదురొచ్చింది. షావుకారు మాత్రం పలకరింపు మరిచి, అలవాటు కొద్దీ ముందు బస్తాలో చెయ్యి పెట్టాడు. చిటికెడు పిండి వేళ్ల మధ్య నలిపి నాలుక మీద వేసుకున్నాడు. అచ్చమైన గోధుమ. తను ఏనాడూ ఇక్కడికి పంపనంత అచ్చమైనది.

భార్య రొట్టె ముక్క చాలాసేపు నమిలింది. బావుందమ్మా అంది గాని, మిగతా ముక్క చేతిలోనే ఉండిపోయింది.

బేకరీ అమ్మాయి నొచ్చుకోలేదు. పాతవాళ్లందరూ అలాగే ఆగిపోతారంది. కట్టెలు మార్చి చూసిందట, నీళ్లు మార్చి చూసిందట, తండ్రి వాడిన రేకు అచ్చులే వెతికి తీసిందట. జనం రావడం తగ్గింది, నెలాఖరుకు తాళం వేస్తోంది.

"నాన్న పుస్తకంలో ఉన్నట్టే చేస్తున్నా బాబాయ్. లోపం నా చేతుల్లోనే ఉంది."

లోపం ఎక్కడుందో షావుకారుకు తెలుసు. మొదటి ఏడు పక్క కొట్లో వేయించిన బార్లీ అమ్ముడుపోక పడి ఉంటే, కారుచౌకగా కొని మర పట్టించి, కిలో డబ్బాతో కొలిచి బస్తాకి నాలుగు డబ్బాలు కలిపాడు. దొరికిపోతానని నెల రోజులు నిద్ర లేదు. బేకరీ ఆయన మాత్రం భుజం తట్టి, ఏ మిల్లుదో గాని ఈ పిండి మార్చావంటే ఊరుకోనన్నాడు. తర్వాత బార్లీ ధర గోధుమను దాటిపోయింది. అయినా మానే ధైర్యం లేక, నష్టం భరించి మరీ కలుపుతూ వచ్చాడు. లోకంలో నష్టానికి కల్తీ చేసినవాడు తనొక్కడే అయ్యుంటాడు.

నోరు మూసుకుంటే తన పేరు నిలుస్తుంది, ఈ కొట్టు పోతుంది. మనవరాలి వైపు చూడకుండా చెప్పాడు.

"నీ చేతుల్లో ఏ లోపమూ లేదమ్మా. అది నా బస్తాల్లో ఉండేది."

మిగతాదంతా దాచకుండా చెప్పాడు. మనవరాలు అడిగింది.

"అంటే నువ్వు మోసం చేశావా తాతయ్యా?"

"చేశాను."

"ఇన్నేళ్లూ నా చెవులు చిల్లులు పడేలా చెప్పిన నిజాయితీ ఇదేనన్నమాట," అంది భార్య, ముక్కను బల్ల మీద పెడుతూ.

బేకరీ అమ్మాయి కోప్పడలేదు, నవ్వలేదు. అడిగింది ఒక్కటే.

"బస్తాకి ఎంత?"

కిలో డబ్బాతో నాలుగు డబ్బాలన్నాడు. బాగా ఎర్రబడేదాకా వేయించాలన్నాడు. షావుకారు కూతురు వెళ్లి బార్లీ కొనుక్కొచ్చింది. ఆయనే చొక్కా చేతులు మడిచి పొయ్యి దగ్గర నిలబడి వేయించాడు. మర పట్టించి కలిపిన ముద్ద సాయంత్రానికి పొంగింది. బట్టీ మూత తీసేసరికి ఆ వాసన వీధిలోకి వెళ్లింది. ఎదురింటి ముసలాయన చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

భార్య ఒక ముక్క తింది, అడక్కుండా రెండోది తీసుకుంది. బేకరీ అమ్మాయి మాత్రం గోడకు ఆనుకుని ముక్కంతా తింది. తర్వాత చేతులు కడుక్కుని, రేపటి పిండి తూచడం మొదలుపెట్టింది.

తిరుగు దారిలో షావుకారు లెక్క చూసుకున్నాడు. భార్య దగ్గర పరువు కొంత పోయింది, మనవరాలి దగ్గర చాలానే పోయింది. తిట్టించుకోవడానికి బేకరీ ఆయన లేకపోవడం ఎప్పటికీ తీరని బాకీ. రాబడి వైపు రాసుకోవడానికి ఉన్నది ఒక్కటే: ఆరేళ్లుగా తన చేతులను తనే తిట్టుకున్న ఒక మనిషి ఇక తిట్టుకోదు.