రాగి బిళ్ల మీద చెయ్యి

ఎండలు ముదిరాక వెంకటప్పయ్య ఇంట్లో పొద్దుటి పనులు ఒక వరుసలో సాగేవి. అతని భార్య బుల్లెమ్మ పాలు కాచి, తోడు వేసిన గిన్నెను ఆడబిడ్డ ప్రసూన గదిలోకి తీసుకుపోయి, ఆమె చాపకు తలవైపున పెట్టేది. దాని పక్కన వెన్న గిన్నె, దాని పక్కన తడిగుడ్డలో చుట్టిన కొత్తిమీర. ఇంట్లో ఫ్రిజ్ లేక కాదు. చండ్రుగొండలో ఏప్రిల్ దాటితే కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడుండదో చెప్పలేం గనుక, ఆ ఇంటివాళ్లు ఫ్రిజ్‌ను నీళ్ల సీసాలకు వాడుకుని, పాడైపోయేవాటిని ప్రసూనకు అప్పగించేవారు.

ఆమె ఒంట్లో పుట్టుకతోనే చలువ ఉంది. చెయ్యి పట్టుకుంటే నీళ్లకుండ అడుగు తాకినట్టుండేది. నడివేసవిలో ఆమె కూర్చుని లేచిన గచ్చు మీదికి పిల్లి వెళ్లి పడుకునేది. వీధిలో ఎవరి బిడ్డకు జ్వరం వచ్చినా తెచ్చి ఆమె ఒళ్లో వేసి, తల్లి మిరపతోటకు పోయి వచ్చేది. ఆమెను ఎర్రుపాలెంలో ఇస్తే, మొదటి చలికాలంలోనే భర్త వెంటబెట్టుకు వచ్చి దించిపోయాడు. "మనిషి మంచిదే బావా, రెండు దుప్పట్లు కప్పినా ఆగట్లేదు" అన్నాడు. అది నిజమే గనుక ఎవరూ అతన్ని తప్పుపట్టలేదు. ఆ మాటకు పదహారేళ్లు. ఇప్పుడామెకు నలభై ఒకటి.

ఆ ఇంట్లో ప్రసూనకు తనవి అనుకోదగినవి రెండే. ఒకటి, ఆరేళ్లప్పటి నుంచి తన చేతుల మీద పెంచిన మేనల్లుడు సాయికిరణ్. రెండు, పెరట్లో తాను నాటిన ఆరు మల్లెపొదలు. ప్రతి మంగళవారం భద్రాచలం నుంచి జంపక్క అనే పూల వ్యాపారి చుట్టుపక్కల ఊళ్లలో పూలు కొనడానికి వచ్చేది. తక్కిన పెరళ్ల పూలు బస్సు పాల్వంచ దాటేసరికే వాడు మొహం వేసేవి. ప్రసూన కోసిన మల్లెలు మాత్రం మూడో రోజుకూ మొగ్గల్లాగే ఉండేవి. జంపక్క రెండు వేసవులు గమనించింది. మూడో వేసవిలో మాట బయటపెట్టింది.

"ఇక్కడ పెరుగు గిన్నెలు కాసుకుంట ఎన్నేండ్లుంటవ్ బిడ్డా? నా కొట్టుకు రా. ఎనక గదుంది, నీదే అనుకో. అమ్మినదాంట్ల సగం నీకు."

"మా అన్నయ్యనడగాలె అక్కా."

"అడుగు. అడిగి రా. గదిల కిరాయికున్నోళ్లు రోహిణి కార్తె ఎల్లినంక ఖాళీ చేస్తరు. పెండ్లిళ్ల గిరాకీ, అందాక కొట్టు ఇడిసి రాను. మృగశిర పెట్టిన రోజు నేనే వస్త. సంచి సర్దుకొని ఉండు."

అన్న "చూద్దాం" అన్నాడు. వద్దనలేదు గనుక, ప్రసూన సంతలో జిప్పున్న సంచి ఒకటి కొని, ఖాళీదే అయినా, తన గదిలో మేకుకు తగిలించింది. పాల గిన్నె కోసం వచ్చినప్పుడల్లా బుల్లెమ్మ దాన్ని చూసేది.

అదే నెలలో సాయికిరణ్ విడిభాగాలు కొని కంప్యూటర్ కట్టుకోవడానికి పూనుకున్నాడు. ఇంజినీరింగు అయిపోయి ఏడాదిగా ఇంట్లో ఉన్నాడు. ఆటల్లో దిట్ట. దేశమంతా ఇళ్ల నుంచే ఆడే పోటీ ఒకటి మేలో మొదలై జూన్ మొదటి వారంలో ముగుస్తుంది. అతని పాత ల్యాప్‌టాప్‌కు ఆ ఆట మోసే శక్తి లేదు. మిరప అమ్ముడుపోయాక తండ్రి ఒక మొత్తం చేతిలో పెట్టి, దీనికి మించి అడగొద్దన్నాడు.

ఒక మనిషి వస్తువుల పట్ల ఎంత శ్రద్ధ చూపగలడో ఆ మూడు వారాలు ఆ కుర్రవాణ్ణి చూసినవారికి తెలిసేది. ఏ మదర్‌బోర్డు మీద ఏ ప్రాసెసర్ కూర్చుంటుందో, ఏ వేగం ర్యామ్‌ను అది ఒప్పుకుంటుందో నోటుబుక్కులో వరుసలు గీసి రాసుకున్నాడు. గ్రాఫిక్స్ కార్డు పొడవు కేబినెట్టులో పడుతుందా లేదా అని తల్లి కుట్టుమిషను టేపుతో గాలిలోనే కొలుచుకున్నాడు. మధ్యాహ్నాలు పొలాల మోటార్లు ఆడితే ఊళ్లో వోల్టేజి పడిపోతుంది గనుక పవర్ సప్లై కావలసిన దానికన్నా పెద్దది, కరెంటు పోతే ఆదుకోవడానికి ఒక ఇన్వర్టరూ ఎంచుకున్నాడు. ఆ పవర్ సప్లై ఎక్కువ లోడు మీద ఎక్కువసేపు నడిస్తే ఏమవుతుందో, ఎవరో కోయంబత్తూరు మనిషి రాసినది నాలుగుసార్లు చదివాడు. ప్రతి వస్తువు గురించీ అతనడిగిన మొదటి ప్రశ్న ఒకటే: ఇది ఎంత వేడి ఓర్చుకుంటుంది? ప్రతిదానికీ జవాబు ఎక్కడో ఒకచోట అచ్చై ఉంది.

జాబితా పట్టుకుని ఖమ్మం పోయాడు. దుకాణం యజమాని అనిల్‌కుమార్ వరుసలన్నీ చదివి, చివరికొచ్చి ఆగాడు.

"కూలర్ రాయలేదేంది తమ్మీ? గీ ప్రాసెసర్ డబ్బాల ఫ్యాన్ రాదు. అది లేకుంటే నిమిషం గూడ నడవదు."

"ఇంట్ల ఉందన్నా."

"పాతదా? దీనికి పట్టదేమో చూస్కో."

"పాతది గాదు. మా అత్త."

అనిల్‌కుమార్ చెవి మీది పెన్ను తీసుకున్నాడు. "చండ్రుగొండ వెంకటప్పయ్యగారి చెల్లెలు గదా? మా చిన్నమ్మ మనవడికి జరమొస్తే ఆమె దగ్గర్నే పండబెట్టిన్రు. ఇంకేంది మరి! నీళ్ల కూలర్ గూడ గంత చల్లగ పెట్టది. ఆ పైసలు కార్డు మీద పెట్టు, ఒక మెట్టు పైది వస్తది." అని కార్డు పేరు కొట్టేసి, దాని పైదాని పేరు రాశాడు.

కొత్తగూడెంలో లేత్ పనివాడి చేత సాయికిరణ్ అరచేయంత రాగి బిళ్ల చేయించుకున్నాడు. అది ప్రాసెసర్ మీద బిగిస్తారు. కేబినెట్టు పక్క తలుపు తీసేసి, దాని ముందు పీట వేసుకుని కూర్చున్న మనిషి ఎడమ చెయ్యి లోపలికి పెడితే సరిగ్గా బిళ్ల మీద ఆనుతుంది. పీట ఎత్తు కూడా టేపుతో కొలిచి, కింద రెండు ఇటుకలు పెట్టాడు.

"ఊరికె చెయ్యి పెట్టుకొని కూసోవాలె అత్తా. రోహిణి కార్తెతోని పోటీ అయిపోతది."

"మృగశిరకు జంపక్క వస్తనంది రా."

"అప్పటికి నా పని అయిపోతది, నువ్వు పోవచ్చు."

వెంకటప్పయ్య పేపరులోంచి తలెత్తాడు. "కూసుని చేసేదే గదమ్మా. బరువులు మొయ్యమన్నడా?"

మొదటి మధ్యాహ్నం బయట నలభై ఆరు డిగ్రీలు. ప్రసూన చెయ్యి ఆనించగానే బిళ్ల అంచున సన్నటి మంచు నూగు పట్టింది. తెర మూలన ప్రాసెసర్ వేడి అంకెల్లో కనబడుతుంది. ముప్పై నాలుగు. సాయికిరణ్ ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాడు. "ముప్పై నాలుగు! హైదరాబాదుల ఏసీ గదులల్ల కూసున్నోళ్లకు గూడ రాదమ్మా గిది." బుల్లెమ్మ ఆడబిడ్డను మెచ్చుకోలుగా చూసింది. ఆ అంకె తనదైనట్టు ప్రసూన కూడా చిన్నగా నవ్వింది. ఆ ఇంట్లో ఆమెను నలుగురూ చేరి చూసింది ఆ ఒక్కసారే.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాలైనప్పటి నుంచి దీపాలు పెట్టే వేళ వరకు ఆమె పీట మీద ఉండేది. తెర మీద ఎవరో ఎవరినో తరుముతుండేవారు, కాల్చుకుంటుండేవారు. ఆమెకు అది అర్థమయ్యేది కాదు. మేనల్లుడి ముఖం మాత్రం అర్థమయ్యేది. గెలిచినప్పుడు చిన్నప్పుడు జ్వరం దిగి కళ్లు తెరిచినప్పటిలా ఉండేవాడు.

రెండో వారంలో ఒక పొద్దున పెరుగు పులిసింది. బుల్లెమ్మ రుచి చూసి, గిన్నెను ఫ్రిజ్‌లోకి మార్చింది. మర్నాడు వెన్న మారింది. కొత్తిమీర ఇంకో రెండు రోజులు ఉండి, అదీ వెళ్లిపోయింది. పిల్లి వంటింటి గడప దగ్గర చోటు వెతుక్కుంది.

మరో వారానికి ప్రసూన పీట మీదినుంచి లేచి వంటింట్లోకి వచ్చింది. "వదినా, ఇదేంది? మెడంత తడిసింది. ఎవరన్న నీళ్లు పోసిన్రా?"

బుల్లెమ్మ వేలితో తుడిచి చూసింది. "చెమటమ్మా. అందరికీ పట్టేదే."

నలభై ఒక్కేళ్ల మనిషి జాకెట్టు తడిని వేళ్లతో పట్టుకుని కాసేపు అక్కడే నిలబడింది. లోపల్నుంచి పిలుపు వచ్చింది. "అత్తా, జల్దీ, డెబ్భై దాటుతున్నది!"

రోహిణి కార్తె వచ్చింది. బిళ్ల అంచున మంచు లేదు. అరచేతిలో బిళ్లంత గుండ్రంగా ఎర్రటి మచ్చ ఏర్పడింది. ఆమె ఒకరోజు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కాలుతున్నదిరా కిరణూ."

అతను తెర మూలకు చూశాడు. కఠినంగా అనలేదు, ధైర్యం చెబుతున్నట్టే అన్నాడు. "ఎనభై రెండే అత్తా. ఇది తొంభై అయిదు దాంక ఓర్చుకుంటది. ఏం గాదు."

ఆమె చెయ్యి మళ్లీ పెట్టింది. ఆ సాయంత్రం అన్నకు చెప్పింది. "నా చలువ పోతున్నదన్నయ్యా. మృగశిరకు జంపక్క వచ్చి చూస్తే ఏమంటది?" వెంకటప్పయ్య ఆలోచించాడు. ఆలోచించలేదని అనడానికి లేదు. "ఇంకో ఆరు రోజులు. ఇంత పెట్టి కొని నడుమ ఆపితే ఎట్ల? అయినా నీకిక్కడ ఏం తక్కువైందని?"

ఆరు రోజుల తర్వాత సాయికిరణ్ జట్టు ఓడిపోయింది. జట్టులో ఉన్న విజయవాడ కుర్రవాడి ఇంట్లో సరిగ్గా ఆ గంటకే కరెంటు పోయిందట. సాయికిరణ్ కంప్యూటర్ చివరి క్షణం దాకా చక్కగా నడిచింది.

మృగశిర పెట్టిన రోజు ఉదయం తొమ్మిదింటి బస్సుకు జంపక్క వచ్చింది. ప్రసూన కొత్త చీర కట్టుకుని, నిండిన సంచి అరుగు మీద పెట్టుకుని ఉంది. మల్లెపొదల దగ్గరికి వెళ్లి మచ్చ లేని కుడిచేత్తోనే మొగ్గలు కోసింది. జంపక్క ఆ కోత చూసింది. మునుపు రెండు చేతులా కోసే మనిషి.

"దోసిలి పట్టు బిడ్డా" అంది.

ప్రసూన దోసిలి పట్టింది. జంపక్క అందులో మొగ్గలు పోసి అరుగు మీద కూర్చుంది. బుల్లెమ్మ టీ ఇచ్చింది. ఎండల గురించీ, రాని వానల గురించీ రెండు మాటలు నడిచాయి. జంపక్క టీ తాగి గ్లాసు కింద పెట్టేసరికి మొగ్గల కొసలు గోధుమరంగుకు తిరిగాయి. చూస్తుండగానే ఆ రంగు కిందికి దిగింది.

"ఏం జేసిన్రు నిన్ను?"

"ఏం జెయ్యలేదక్కా. చెయ్యి పెట్టుకొని కూసున్న."

జంపక్క కమిలిన మొగ్గలను దోసిట్లోంచి తీసి గోడవారన పోసింది. ప్రసూన చెయ్యి పట్టుకుని మచ్చను బొటనవేలితో రుద్ది, వదిలింది. "నాకూ వయసు మీద పడ్డది బిడ్డా. ఊరికె మనిషిని పెట్టుకునేంత లేదు నాకు. గది ఖాళీగుంచితే నా మందులెట్ల వస్తయ్? వానలు పడ్డంక చలువ తిరిగొస్తే కబురు జెయ్."

"వస్తదక్కా. వానలు పడితే వస్తది."

"అవ్. వస్తది" అంది జంపక్క, లేస్తూ. సంచి వైపు చూడకుండా వెళ్లింది. ఆ రోజు తర్వాత ఆమె ఆ వీధికి రాలేదు.

వానలు పడ్డాయి. ఎదళ్ళవాగు పొంగింది. ప్రసూన ప్రతి పొద్దునా ఒక గిన్నెలో పాలు తోడు పెట్టి తన చాప పక్కన ఉంచుకుని, ప్రతి మధ్యాహ్నం రుచి చూసి, పులిసిన పెరుగును తానే తిని గిన్నె కడిగేది.

శ్రావణంలో సాయికిరణ్ కూలర్ కొనడానికి ఖమ్మం పోతూ అత్తను వెంట తీసుకుపోయాడు. బస్సు కుదుపులకు అట్టపెట్టె దెబ్బతినకుండా ఎవరైనా ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. దుకాణంలో ఆమె కౌంటరు పక్కన నిలబడింది.

"ఇంట్ల ఉందంటివి గద తమ్మీ?" అన్నాడు అనిల్‌కుమార్.

"ఇప్పుడు పని చేస్తలేదన్నా."

అనిల్‌కుమార్ ఆమెను చూసి, సానుభూతిగా తల ఊపి, మూడు పెట్టెలు దించాడు. సాయికిరణ్ మూడింటి మీదా అచ్చువేసిన అక్షరాలన్నీ చదివాడు. ఫ్యాను ఎన్ని చుట్లు తిరుగుతుంది, ఎంత చప్పుడు, ఎన్నేళ్ల పూచీ. ఒకటి ఎంచుకుని, డబ్బు తీయబోయి ఆగాడు.

"అన్నా, దీన్ని రోజుకు ఆరు గంటలు వరసగ నడిపితే ఏమన్న అయితదా? మా దగ్గర ఎండలు తెలుసు గదా. నడుమ నడుమ ఆపి విశ్రాంతియ్యాల్నా?"

"ఏం గాదు. అయినా అడిగినవ్, మంచిది. నెలకోసారి దుమ్ము తుడుస్తుండు."

ప్రసూన ఆ మాటలు వింది. బస్సులో పెట్టెను ఒళ్లో పెట్టుకుంది. "గట్టిగ ఒత్తకు అత్తా, లోపల రేకులు వంగుతయ్" అన్నాడతను. ఆమె వేళ్లు సడలించింది. జూలూరుపాడు దాకా అట్లాగే, తాకీ తాకకుండా పట్టుకు కూర్చుంది.

మర్నాడు భోజనాలయ్యాయి. సాయికిరణ్ కూలర్ బిగించి మీట నొక్కాడు. రాగి బిళ్ల బల్ల మీద పడి ఉంది. ఫ్యాను మెత్తగా తిరిగింది. అలవాటు కొద్దీ ప్రసూన పీట తెచ్చి, రెండు ఇటుకలూ సర్ది, కేబినెట్టు పక్కన కూర్చుంది. ఎడమ చెయ్యి ఒడిలో ఉంది. దాని వెనకనుంచి వెచ్చటి గాలి వచ్చి ఆమె ముఖానికి తగిలింది. నుదుట చెమట పట్టింది.

"అత్తా, కొంచెం జరుగు. గాలాడాలె" అన్నాడు సాయికిరణ్, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆమె పీట గోడ వైపుకు జరుపుకుంది.

"ఇంకొంచెం" అన్నాడు.